కళ్ళంలో తెల్ల దుప్పటి

మా తమ్ముడి కూతురు షారోను శుభలేఖ ఇవ్వడానికి అమలాపురంలో మా ఇంటికొచ్చి, కాఫీ చల్లారేదాకా కూడా ఆగకుండా అసలు పని బయటపెట్టింది. పెళ్లి కొబ్బరితోటలో ఆరుబయట చేస్తున్నారట. పందిరి పక్కన పెద్ద తెర కట్టి అందులో మా ఇంటి పెద్దవాళ్ళ పాత ఫోటోలన్నీ వేస్తారట. నాయనమ్మది ముసలితనంలో తీయించినది ఉంది, మావయ్యది, అంటే మా ఆయనది, ఉంది, అందరివీ దొరికాయి. "తాతయ్యదే లేదత్తా. నీ దగ్గరేమైనా ఉందా?" అంది. లేదని చెప్పడానికి నోరు తెరిచాను. బడిలో పిల్లల అబద్ధాలు పట్టుకోవడంలో జీవితం గడిపినదాన్ని, ఒక అబద్ధం ఆడటం నాకేం కష్టమనుకున్నాను. ఇంతలో అది, "నాన్నకి తాతయ్య మొహం గుర్తులేదంట. చెయ్యి పట్టుకుని నడిపించడం గుర్తుందంట గానీ, మొహం ఎంత తలుచుకున్నా రావడం లేదంటత్తా" అంది. నేను తెరిచిన నోరు మూసుకుని, వెతికి చెబుతానే అన్నాను.

వెతకాల్సిన పనేమీ లేదు. ఫోటో ఎక్కడుందో నాకు తెలుసు. బీరువా పై అరలో, మా ఆయన కోటు మడతలో ఉంది. నా పెళ్లినాటిది. మా నాన్న కనిపించే ఫోటో లోకంలో అదొక్కటే, మా ఆయన కూడా పోయాక అది ఉందన్న సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. తమ్ముడికి కూడా తెలియదు. నాన్న పోయేనాటికి వాడు పలకా బలపం పట్టుకుని తిరిగే పిల్లవాడు. వాడు పెద్దవాడయ్యాక, మస్కట్ వెళ్ళాక, తిరిగొచ్చి ఇల్లు కట్టాక, చూపించాలని ఎన్నిసార్లు అనుకున్నానో. చూపిస్తే, నాన్న ఇలా ఉన్నాడేంటక్కా అని వాడు అడుగుతాడు. అది తలుచుకుని కోటు మళ్ళీ మడత పెట్టేసేదాన్ని. ఆ మధ్యాహ్నం షారోను ఎక్కిన ఆటో వంతెన దాటేదాకా గుమ్మంలో నిలబడి, తలుపేసుకుని, దాన్ని తీశాను.

మాది ఉప్పలగుప్తం అవతల, కాలవ గట్టున ఉన్న పేట. మా నాన్న దేవదానం కామందు గారి కమతంలో పాలేరు. నేను పుట్టేసరికే ఆయన ఒంటికి ఆ ఇంటి వాసన పట్టేసింది. పశువుల కొట్టం, తడిసిన ఎండుగడ్డి, కొబ్బరిపిండి చెక్క, ఇవన్నీ కలిసిన వాసన. సాయంత్రం కాలవలో ములిగి ఒళ్ళు రుద్దుకుని వచ్చినా పోయేది కాదు. కాలవలో నానేసిన కొబ్బరిపీచు కంపు దానికి తోడయ్యేది. అమ్మ మాత్రం తెల్లబట్టల మనిషి. వారమంతా ఏ రంగు గుడ్డ కట్టుకున్నా ఆదివారం గుడికి తెల్లచీర, నాన్నకి తెల్లపంచె, తెల్లచొక్కా ఉండాల్సిందే. శనివారం పొద్దున్నే అన్నం వార్చిన గంజి దాచి, నీలిమందు కలిపిన నీళ్ళలో బట్టలు జాడించి, గంజి పెట్టి, గట్టు మీద ఆరేసేది. ఆరేవరకూ కోళ్ళని తోలడం నా పని. పక్కింటి మార్తమ్మ, "మీ ఇంట్లో దుప్పటి చూస్తే కళ్ళు జిగేలుమంటన్నాయే" అంటే అమ్మ మొహం చూడాలి. జీతం పెరిగినా అంత సంతోషపడేది కాదు.

నాన్నకి ఆ తెలుపంటే బెరుకు. తెలుపే కాదు, కింద చాప పరిచి ఉన్నా దాని మీద కాలు పెట్టేవాడు కాదు. అంచు ఎత్తి, మడిచి, మట్టి మీద కూర్చునేవాడు. కామందు గారు గట్టు మీద ఎదురుపడితే భుజాన ఉన్న తువ్వాలు ఎప్పుడు నడుముకి దిగిపోయేదో ఆయనకే తెలిసేది కాదు. ఓసారి నేను, "గుళ్ళో పాస్టరు అయ్యగారు దేవుడి ముందు అందరూ సమానమంటారు కదా నాన్నా" అన్నాను. "గుళ్ళో సమానమేనమ్మా. గట్టు మీద ఆయన ఎదురొత్తారు కదా" అన్నాడు. వెటకారం కాదు, ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. నాకు అప్పుడే ఒళ్ళు మండేది. టీచర్ ట్రైనింగుకి వెళ్ళొచ్చాక ఆ మంట ఇంకాస్త పెరిగింది.

కామందు గారి అమ్మాయి పెళ్లి నేను చిన్నప్పుడు చూశాను. చూశానంటే, కొబ్బరితోట అవతలి గట్టు మీంచి. పెళ్లికూతురు ఇంట్లోంచి పందిట్లోకి నడిచి వెళ్తుంటే చాకలివాళ్ళు ముందు తెల్లబట్ట పరుస్తారు. ఆవిడ దాని మీద నాలుగడుగులు వేసేలోపు ఇంకోటి పరుస్తారు, వెనకది తీసి మళ్ళీ ముందుకి తెస్తారు. పాదం మట్టికి తగలకూడదు. దాన్ని నడపావడ అంటారు. పెద్దిళ్ళ పెళ్ళిళ్ళకీ, దేవుడి ఊరేగింపుకీ తప్ప అది ఎవరికీ పరిచేవారు కాదు. ఆ రోజు నాన్న పని, బట్ట పరిచే ముందు దారిలో దుమ్ము లేవకుండా నీళ్ళు జల్లడం. జల్లి, బట్ట వచ్చేలోపు గబగబా పక్కకి తప్పుకోవడం. బిందె పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ, పక్కకి గెంతుతూ ఉన్న నాన్నని చూసి మా పేట పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నాన్న, "కుడికాలు ఇంచుమించు తగిలేసిందే. పేణం పోయిందనుకో" అని అమ్మతో చెప్పడం విన్నాను. ఒక గుడ్డకి కాలు తగలబోయిందని అంత పెద్దమనిషి గొంతు వణకడం నాకు వింతగా ఉండేది.

నాకు టీచరు ఉద్యోగం వచ్చిన ఏడాదే పెళ్లి కుదిరింది. రాయవరం వైపు సంబంధం. వాళ్ళింట్లో మావగారు టీచరు, ఆడపడుచు నర్సు, చదువుకున్న కుటుంబం. మా గుడి చిన్నది కావడంతో ముందు పందిరి వేశారు. అయ్యగారు మూడు ఊళ్ళకి ఒక్కరే. రేవు దాటి, సైకిలు తొక్కుకుని, ఆయన వచ్చేసరికే పొద్దెక్కిపోయింది. వచ్చాక వాక్యం క్లుప్తంగా చెబుతానని మొదలుపెట్టి ఆదాము దగ్గర్నుంచి అందుకున్నారు. ఉంగరాలు మార్చుకుని బయటకొచ్చేసరికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. గ్రూపు ఫోటో అప్పుడు తీయాలి. అమలాపురం నుంచి పిలిపించిన ఫోటోగ్రాఫరు సత్యం గారు అప్పటికే గొడుగు కింద నిలబడి చిటపటలాడుతున్నారు.

"ఈ టైములో పోటో ఏంటండి బాబూ! ఎండ నెత్తిమీంచి దిగిపోతంది. కళ్ళ కింద గుంటలు పడిపోతాయండి. తెల్లచీరకి చూసుకుంటే అమ్మాయి గారి మొహం నల్లబడిపోద్ది, మొహానికి చూసుకుంటే చీర సున్నం కొట్టినట్టయిపోద్దండి" అన్నారాయన. చెట్ల కింద తీయండి అని మావగారు సలహా ఇచ్చారు. కొబ్బరాకు నీడ పడితే మొహాలు చారలు చారలుగా వస్తాయని ఆయన ఒప్పుకోలేదు. అందర్నీ పక్కనున్న కళ్ళంలోకి, ఎర్రటి ఎండలోకి నడిపించి, వరసల్లో నిలబెట్టారు. తరవాత మా అమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఓ పెద్ద తెల్లదుప్పటి ఉంటే ఇప్పించండి. ముందు కింద పరిస్తే ఎండ దాని మీద పడి మొహాల మీదకి లెగుస్తాదండి" అన్నారు. అమ్మకి ఆ మాటలో సగం అర్థమయ్యిందో లేదో గానీ తెల్లదుప్పటి అన్నది బాగా అర్థమయ్యింది. నా పెట్టెలో పెట్టడానికి గంజి పెట్టి ఉంచిన కొత్త దుప్పటి పరుగున తెచ్చి ఇచ్చింది. నలుగురూ దాన్ని చూస్తారని ఆవిడ సంబరం.

ఆ రోజు కామందు గారు వచ్చారు. మా పేటలో ఒక పెళ్లికి ఆయన రావడం అదే మొదలు. నాన్న వారం రోజులు తిరిగి పిలిచాడు. గుళ్ళో అయ్యగారు కూర్చునే చేతుల కుర్చీ తెచ్చి, కళ్ళం పక్కన కొబ్బరి చెట్టు కింద వేశారు. ఆయన విసనకర్ర విసురుకుంటూ కూర్చుని ఉన్నారు. నేనూ మా ఆయనా అప్పుడే పందిట్లోంచి వస్తున్నాం. మేము నిలబడాల్సిన చోటికీ మాకూ మధ్య ఆ దుప్పటి పరిచి ఉంది. "దాని మీంచి వచ్చేయండమ్మా, పర్లేదు" అన్నారు సత్యం గారు. నేను చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని అడుగు వేయబోయాను.

"తొక్కకమ్మా! తొక్కకు!"

నాన్న వరసలోంచి ఊడిపడ్డట్టు పరిగెత్తుకొచ్చాడు. ఒంగి, రెండు చేతులతో దుప్పటి పోగు చేసి గుండెలకి హత్తుకున్నాడు. కొబ్బరి చెట్టు వైపు తిరిగి, "మాకు తెలీదండి బాబయ్యా! పోటోల ఆయన పరిచేరండి. నడపావడ కాదండి. మా పిల్ల కాలెట్టలేదండి" అన్నాడు. మా మావగారి వైపు బంధువులంతా వరసల్లో నిలబడి ఉన్నారు, ఎటూ కదలడానికి లేదు, అందరూ చూడాల్సిందే. కామందు గారికి ముందు సంగతేమిటో తెలియలేదు. ఆయన దుప్పటి వైపు చూడనేలేదు, ఎండ గురించి ఎవరితోనో మాట్లాడుతున్నారు. సత్యం గారు, "వెలుగు కోసమండి" అని వివరం చెప్పాక ఆయన నవ్వేశారు.

"ఏరా దేవదానం, దీనికా ఇంత కంగారు? వెలుగు కోసమంట కదా, పరుచుకోండిరా, పరుచుకోండి" అన్నారు.

ఆయన మంచిగానే అన్నారు. ఆ మంచితనమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మా కళ్ళం, మా అమ్మ ఉతికిన దుప్పటి, నా పెళ్లి. ఆయన పరుచుకోండి అనగానే నాన్న మొహంలో ఒక నవ్వు వచ్చింది, బెత్తం దించాక పిల్లవాడి మొహంలో వచ్చే నవ్వు. అయినా దుప్పటి కింద పెట్టలేదు, ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. నాన్నని చూసి నేను సిగ్గుతో చచ్చిపోయాననే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది సగమే నిజం. పరుచుకోండి అన్న మాట వినగానే నా తల కూడా ఆ చెట్టు వైపు వంగింది. చదువుకున్న తల, అప్పటికే ముప్పై మంది పిల్లలకి లేచి నిటారుగా నిలబడటం నేర్పుతున్న తల, పూలముసుగుతో సహా వంగి ఆయనకి కృతజ్ఞత చెప్పింది. ఎవరూ చూసి ఉండరు. నేను చూశాను.

సత్యం గారికి ఓపిక అయిపోయింది. "ఇంక ఎలాగున్నోళ్ళు అలాగే ఉండండి బాబూ" అని నొక్కేశారు. విందు దగ్గర మా అత్తగారు నా పక్కన కూర్చుని, "మీ నాన్నగారు బాగా భయస్తులనుకుంటానమ్మా" అన్నారు, పెరుగులో గారె సరిగ్గా నానలేదన్నంత మామూలుగా. నేను ఆకులో తల పెట్టుకుని, "ఆయ్" అన్నాను. సాయంత్రం పెట్టె కట్టేవేళ నాన్న ఆ దుప్పటిని కాలవలో తనే జాడించి, ఆరేసి, మడిచి తెచ్చాడు. "మట్టంటలేదమ్మా, చూసుకో" అన్నాడు. అది నాకు కాపరంలో చాలా ఏళ్ళు మన్నింది. ఒక్కసారి కూడా మంచం మీద పరవలేదు, పరుపు అడుగున వేసేదాన్ని. తరవాత రెండు వానాకాలాలకే నాన్న జ్వరమొచ్చి పోయాడు. ఫోటో ఎలా వచ్చిందని ఆయన ఎప్పుడూ అడగలేదు. ఆయనకీ చూడాలని లేదేమో.

షారోను వెళ్ళాక కోటు మడతలోంచి తీసిన ఫోటోని కిటికీ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాను. ఇన్నేళ్ళలో తీసిన ప్రతిసారీ, ఒంగిన ఆ నడుము కనబడగానే లోపల పెట్టేసేదాన్ని. ఇప్పుడు వయసు మీద పడి చూపు మందగించడంతో ఒక్కో మొహమే దగ్గరికి తెచ్చుకుని చూడాల్సి వచ్చింది. సత్యం గారు చెప్పినట్టే అయ్యింది. అందరి కళ్ళ కిందా నల్లటి గుంటలే. మా ఆయన మొహం బొగ్గుముక్క. నా ముసుగు కింద మొహమే లేదు. అత్తగారూ మావగారూ ఆడపడుచూ ఎవరెవరో పోల్చుకోవాలంటే నిలబడిన తీరుని బట్టి పోల్చుకోవాల్సిందే. ఒక్క నాన్న మొహం మాత్రం స్పష్టంగా ఉంది. గడ్డం మీది తెల్లవెంట్రుకలు, ముందు పళ్ళ మధ్య సందు, కళ్ళ పక్క ముడతలు, అన్నీ కనబడుతున్నాయి. ఎందుకో అర్థం కావడానికి నాకు కాస్త టైము పట్టింది. దుప్పటి ఆయన గుండెల మీద ఉంది. ఎండ దాని మీద పడి ఆయన ఒక్కడి మొహం మీదకే లేచింది. మా అందరికోసం పరిచిన వెలుగు ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆ మొహం ఎంత బావుందో నేను ఇన్నాళ్ళూ చూడలేదు. బావున్న ఆ మొహంలో, చెట్టు వైపు తిరిగిన ఆ నవ్వులో ఉన్నది భయమని తెలిసిన మనిషిని కూడా నేనొక్కదాన్నే.

మర్నాడు షారోనుకి ఫోన్ చేసి, పిలిచి ఫోటో ఇచ్చేశాను. "మొహం వరకే వెయ్యవే" అన్నాను. చేతుల్లో ఆ దుప్పటి ఉంది, అందుకని అనుకుంది పాపం, సరేనంది.

పెళ్లి జరిగిన తోట కామందు గారిదే. ఆయన పోయాక వారసులు హైదరాబాదులో స్థిరపడి అమ్మేస్తే తమ్ముడు మస్కట్ కష్టార్జితంతో కొన్నాడు. చుట్టుపక్కల పొలాలన్నీ రొయ్యల చెరువులైపోయాయి, తోట మాత్రం అలాగే ఉంచాడు. పందిరి పక్కన తెర మీద ఒక్కో ఫోటో వచ్చి వెళ్తోంది. నాన్న మొహం వచ్చింది. కొబ్బరి చెట్టంత ఎత్తున, ఆయన ఎప్పుడూ నిలబడనంత నిటారుగా. దుప్పటి లేదు, నడుము లేదు. తమ్ముడు పని చేసే మనుషుల్ని అదిలిస్తూ అటుగా వస్తున్నవాడు అక్కడే ఆగిపోయాడు. కాసేపటికి నా పక్కకి వచ్చి, చెవి దగ్గర, "నాన్న నవ్వుతున్నారా అక్కా?" అన్నాడు. నవ్వుతున్నార్రా అన్నాను. "ఎవర్ని చూసి?" అన్నాడు. "నన్ను చూసేరా. పెళ్లికూతుర్ని కదా" అన్నాను. వాడు కళ్ళు తుడుచుకుని, అచ్చం నాన్నలాగే ముందు పళ్ళ సందు కనబడేలా నవ్వాడు. వాడికి ఒక మొహం దొరికింది. అది నేను కత్తిరింపించిన మొహం అని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఈ కాలం అయ్యగార్లు టైముకే వస్తారు గానీ, ఇప్పటి పెళ్లికూతుళ్ళ అలంకారం టైముకి అవ్వదు. కాబట్టి మళ్ళీ మిట్టమధ్యాహ్నమే అయ్యింది. ఫోటోల కుర్రాళ్ళు నలుగురైదుగురు వచ్చారు, ఆకాశంలో ఎగిరే కెమెరా కూడా తెచ్చుకున్నారు. అయినా ఎండ అదే ఎండ. వాళ్ళూ కొబ్బరి నీడ వద్దని తోట మధ్య ఖాళీలోకి అందర్నీ తీసుకొచ్చి, చుట్టచుట్టిన పెద్ద తెల్లబట్ట ఒకటి కింద పరిచారు. షారోను ఎత్తుమడమల చెప్పులతో దాన్ని తొక్కుకుంటూ, పెళ్లికొడుకుతో ఏదో చెప్పి నవ్వుకుంటూ వెళ్ళి నిలబడింది. దాని స్నేహితురాళ్ళూ అంతే. కింద ఏదో ఉందన్న ధ్యాస కూడా వాళ్ళకి లేదు. చూడటానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నా వంతు వచ్చింది. "టీచరుగారూ, దాని మీంచి వచ్చేయండి మేడమ్" అన్నాడు కెమెరా అబ్బాయి.

నేను చెప్పులు విప్పాను. అప్పటికీ కాలు లేవలేదు. పాదాలు మాడిపోతుంటే చెప్పులు చేత్తో పట్టుకుని, బట్ట అంచు వెంబడే చుట్టూ తిరిగి వెళ్ళి తమ్ముడి పక్కన నిలబడ్డాను. "ఎండలో అంత చుట్టెందుకక్కా?" అన్నాడు వాడు. కాళ్ళకి మట్టుందిరా అన్నాను.

సాయంత్రానికే ఫోటో ఫోన్లలోకి వచ్చేసింది. చాలా బావుంది. ఒక్కరి కళ్ళ కిందా గుంటలు లేవు, అందరి మొహాలూ వెలుగుతున్నాయి, నాది కూడా. అందరూ కెమెరాకేసి చూస్తున్నారు. షారోను నా పక్కన చతికిలబడి ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి నా మొహం దగ్గర ఆపింది. "ఇదేంటత్తా, నువ్వొక్కదానివే పక్కకి తిరిగి నవ్వుతున్నావు. ఎవర్ని చూసి?" అంది. నేను ఫోన్ తీసుకుని ఫోటోని అటువైపు జరిపి చూశాను. అటుపక్క తమ్ముడి కొబ్బరి చెట్టు కింద ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. అందులో ఎవరూ లేరు.